బడి తెరిచే నిర్ణయం ఎవరిది? శంకర్ నగర్ తల్లిదండ్రుల లెక్కలో మూడు రాష్ట్రాలు

2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2025–26 విద్యా సంవత్సరంలో ఆరో తరగతి చదువుతున్నారు. వీరిలో చాలామంది ఒకటో తరగతి గదిలో ఒక్క రోజైనా కూర్చోకుండానే రెండో తరగతి విద్యార్థులయ్యారు. కొవిడ్ కాలపు కష్టాలు గడిచిపోయాయని పెద్దలు అనుకుంటున్న వేళ, ఈ పిల్లలకు కొత్త పరీక్ష ఎదురైంది. అయిదు, ఎనిమిది తరగతుల వార్షిక పరీక్షలో తప్పిన వారికి అదనపు బోధన అందించి, రెండు నెలల్లోగా మళ్ళీ పరీక్ష పెట్టి, అప్పటికీ ఉత్తీర్ణులు కాకపోతే అదే తరగతిలో ఉంచేందుకు వీలు కల్పిస్తూ 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం విద్యా హక్కు నియమాలను సవరించింది. కేంద్రీయ విద్యాలయాలు సహా కేంద్రం నడిపే పాఠశాలలకు ఈ సవరణ వర్తిస్తుంది. ఛత్తీస్‌గఢ్ సైతం 2025 మార్చిలో ఈ రెండు తరగతులకు కేంద్రీకృత పరీక్షలను మళ్ళీ నిర్వహించింది. ఆ ఏడాది అయిదో తరగతిలో ఉన్నది ఈ పిల్లలే. నిర్బంధ ఉత్తీర్ణత విధానం సడలిన మొదటి ఏడాదే, బడి లేని ఏడాదిలో అక్షరాభ్యాసం జరిగిన పిల్లలు పరీక్షకు కూర్చోవలసి రావడం కాకతాళీయమే కావచ్చు. ఫలితం మాత్రం కాకతాళీయంగా ఉండదు.

అందువల్లనే, ముగిసిపోయిందనుకున్న ఒక పాత పోలిక రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్ వంటి ప్రాంతాల్లో మళ్ళీ ప్రస్తావనకు అర్హమవుతోంది. ఏ రాష్ట్రం ప్రాథమిక పాఠశాలలను ఎప్పుడు తెరిచింది, ఎలా తెరిచింది అన్నదే ఆ పోలిక. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం ఈ నగరాన్ని ఉత్తరాంధ్రతో కలిపింది. ఇక్కడి తెలుగు కుటుంబాలకు బంధుత్వాలు ఆ మార్గం పొడవునా ఉన్నాయి. మేనమామ పిల్లలు బడికి వెళుతూ ఉండగా తమ పిల్లలు ఫోను ముందు కూర్చొని ఉంటే, పోల్చుకోని తల్లిదండ్రులు ఉండరు.

తేదీలు చూస్తే పోలిక తేలికగానే కనిపిస్తుంది. మూడు రాష్ట్రాలూ 2020 మార్చిలోనే బడులు మూశాయి. ఆంధ్రప్రదేశ్ ఒకటి నుంచి అయిదో తరగతి వరకు 2021 ఫిబ్రవరి 1న తెరిచింది. రెండో ఉద్ధృతి రావడంతో ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మూసి, ఆగస్టు 16న అన్ని తరగతులనూ ప్రారంభించింది. తెలంగాణలో 2020–21లో ప్రాథమిక తరగతులు అసలే తెరుచుకోలేదు. 2021 సెప్టెంబరు 1న గానీ అక్కడి చిన్న పిల్లలు గడప దాటలేదు. ఛత్తీస్‌గఢ్ ఆ ఏడాది ఫిబ్రవరిలో తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకే అనుమతినిచ్చి, మార్చిలో వాటినీ నిలిపివేసింది. ప్రాథమిక తరగతుల వంతు ఆగస్టు 2న వచ్చింది. అంటే రాయ్‌పూర్‌లో ఒకటో తరగతి చదివిన బిడ్డకు ఆ తరగతి గది దక్కనే లేదు. విజయనగరంలోని బిడ్డకు సుమారు పదకొండు వారాలు దక్కింది.

అయితే తేదీల కన్నా ముఖ్యమైన తేడా వేరొకటి ఉంది. తెరిచే నిర్ణయాన్ని ఎవరి చేతిలో పెట్టారన్నది ఆ తేడా. ఈ విషయంలో ఛత్తీస్‌గఢ్ ఎంచుకున్న దారి ప్రత్యేకమైనది. 2021 జులైలో రాష్ట్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం, బోర్డు పరీక్షలు రాసే పది, పన్నెండు తరగతులు తెరుచుకోవచ్చు. వాటితో పాటు ఒకటి నుంచి అయిదు వరకు, ఎనిమిదో తరగతిని కూడా ప్రారంభించవచ్చు గానీ, గ్రామాల్లో పంచాయతీ, పాఠశాల పాలక సమితి సిఫారసు చేయాలి. పట్టణాల్లో అక్కడివారు పార్షద్ అని పిలిచే వార్డు కార్పొరేటర్, తల్లిదండ్రుల సమితి అంగీకరించాలి. జిల్లాలో వారం రోజుల పాటు పాజిటివిటీ రేటు ఒక శాతం లోపు ఉండాలి. సగం మంది పిల్లలు ఒక రోజు, మిగిలిన సగం మరుసటి రోజు రావాలి. హాజరు తప్పనిసరి కాదు. జలుబు, జ్వరం ఉన్న పిల్లలను తరగతిలో కూర్చోబెట్టరాదు. ఆన్‌లైన్ బోధన కొనసాగుతుంది.

ఈ జాగ్రత్తలకు కారణం లేకపోలేదు. అంతకు నాలుగు నెలల కిందటే, 2021 ఏప్రిల్ 9న రాయ్‌పూర్ పూర్తి లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. ఆసుపత్రి పడకల కోసం, ఆక్సిజన్ కోసం పడిన అవస్థను నగరం మరిచిపోలేదు. అప్పటికి పిల్లలకు టీకా లేదు. బిడ్డను పంపేందుకు వెనుకాడిన తల్లిని అజ్ఞానురాలని అనడానికి వీలులేదు.

నిర్ణయాన్ని కింది స్థాయికి తేవడం వినడానికి ప్రజాస్వామికంగా ఉంటుంది. గ్రామంలో అది కొంతవరకు అర్థవంతమైనది కూడా. పంచాయతీకి తన ఊరి జ్వరాలు తెలుసు, తన బడి ఉపాధ్యాయుడు తెలుసు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ కింద ఏర్పడే పాఠశాల పాలక సమితిలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. నగరంలో పరిస్థితి అది కాదు. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ పాఠశాలలకు ఆ సెక్షన్ వర్తించదు. శంకర్ నగర్ లాంటి చోట ఒక వార్డులో నివసించే పిల్లలు మూడు నాలుగు వార్డుల అవతల ఉన్న ప్రైవేటు బడికి బస్సులో వెళతారు. ఆ బడి ఉన్న వార్డు కార్పొరేటర్‌ను ఎన్నుకున్నది వారి తల్లిదండ్రులు కారు. ఆ బడిలో చట్టబద్ధమైన తల్లిదండ్రుల సమితి ఉండాలన్న నియమమూ లేదు. నిర్ణయం ప్రజల చేతికి వచ్చిందని కాగితం చెప్పింది. ఏ ప్రజల చేతికో నగరంలో మాత్రం తేలలేదు.

ఆంధ్రప్రదేశ్ మరో పద్ధతి అనుసరించింది. బడి తెరిచే నిర్ణయం ప్రభుత్వానిది, పంపే నిర్ణయం తల్లిదండ్రులది. 2021 ఫిబ్రవరిలో ప్రాథమిక తరగతులకు రావాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం అవసరమైంది. ఈ అంగీకార పత్రానికి రెండు ముఖాలు ఉన్నాయి. ఒకవైపు నుంచి చూస్తే అది తల్లిదండ్రుల హక్కు. మరోవైపు నుంచి చూస్తే, బిడ్డకు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో ముందుగానే రాయించుకొనే కాగితం. ఈ రెండో ముఖాన్ని తెలంగాణ హైకోర్టు గుర్తించింది. సెప్టెంబరు 1న బడులు తెరవడానికి ముందు రోజు, ఆగస్టు 31న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో, ప్రత్యక్ష తరగతులకు రావాలని ఏ విద్యార్థినీ బలవంతపెట్టరాదని ఆదేశించింది. కరోనా సోకితే తమకు బాధ్యత లేదంటూ యాజమాన్యాలు తల్లిదండ్రుల నుంచి తీసుకొనే హామీ పత్రాలకు చట్టపరంగా విలువ ఉండదని కూడా స్పష్టం చేసింది. మూడు రాష్ట్రాల తల్లిదండ్రులకూ ఎక్కువగా పనికివచ్చే వాక్యం ఆ ఉత్తర్వులో ఇదే. దానికి రావలసినంత ప్రచారం రాలేదు.

ఏ తరగతి ముందు అన్న విషయంలో కూడా ఆలోచించవలసినది ఉంది. దాదాపు అన్ని రాష్ట్రాలూ పెద్ద తరగతుల నుంచి కిందికి వచ్చాయి. బోర్డు పరీక్షలు అందుకు కారణం. ఇన్ఫెక్షన్ దృష్ట్యా చిన్న పిల్లల నుంచే మొదలుపెట్టాలని 2021 జులైలో భారతీయ వైద్య పరిశోధన మండలి అధిపతి డాక్టర్ బలరామ్ భార్గవ సూచించారు. మండలి నాలుగో సీరో సర్వేలో ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో 57.2 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. డెన్మార్క్ 2020 ఏప్రిల్‌లోనే చిన్న తరగతులను మొదట తెరిచింది. ఈ కోణంలో ఛత్తీస్‌గఢ్‌కు కొంత ఘనత ఇవ్వాలి. ఆరు, ఏడు, తొమ్మిది, పదకొండు తరగతులను సెప్టెంబరు దాకా ఆపి, ఒకటో తరగతిని పదో తరగతితో పాటు పిలిచిన నిర్ణయం అరుదైనది.

మూసిన కాలమంతా అంతటా ఒకే విధంగా మూసినది కాదన్న సంగతి కూడా పోలికలో తరచు జారిపోతుంది. 2020 ఏప్రిల్ 7న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దువార్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. చదువు మీ గుమ్మంలోకి అని దాని అర్థం. ఆన్‌లైన్ పాఠాలు అందని చోట్ల మొహల్లా తరగతులు, లౌడ్‌స్పీకర్ పాఠాలు, బ్లూటూత్ ద్వారా ఫోను నుంచి ఫోనుకు పంపే ధ్వని పాఠాలు వచ్చాయి. చెట్టు కింద, అరుగు మీద కూర్చున్న ఆ పిల్లల ఎదుట ఒక మనిషి ఉన్నాడు. నగరంలో ఇంటర్నెట్ ఉంది కనుక తెరే బడి అయింది. సౌకర్యం ఉన్న చోటే చిన్న పిల్లలకు ఉపాధ్యాయుని ముఖం దూరమైన సందర్భం ఇది. తెలుగు ఇళ్ళలో దీనికి మరో చిక్కు తోడైంది. బడిలో హిందీ లేక ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. తెలుగులో చక్కగా చదవగలిగిన తల్లి కూడా హిందీ గుణింతం దిద్దించవలసి వస్తే బడి మీదనే ఆధారపడుతుంది. రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయ శిక్షణ వ్యవహారాలు చూసే రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి శంకర్ నగర్‌లోని బీటీఐ ప్రాంగణంలోనే ఉంది. ఈ చిక్కు మాత్రం ఆ చుట్టుపక్కల ఇళ్ళలోనే ఉండిపోయింది.

ఆగస్టులో తెరిచాక కూడా రోజు విడిచి రోజు బడి అంటే పనిదినాల్లో సగమే. నవంబరు చివరి వారంలో గానీ పూర్తి హాజరుకు అనుమతి రాలేదు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది. పాజిటివిటీ నాలుగు శాతం దాటిన జిల్లాల్లో బడులు మూయాలని ఛత్తీస్‌గఢ్ నిర్ణయించడంతో రాయ్‌పూర్ మళ్ళీ మూతపడింది. తెలంగాణ సంక్రాంతి సెలవులను జనవరి 30 వరకు పొడిగించింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం జనవరి 17నే గేట్లు తీసింది. ఎవరు సరి అన్న వాదన అప్పుడు బంధువుల ఫోను సంభాషణల్లోకి కూడా వచ్చింది.

మరి ముందు తెరిచిన వారికి చదువు దక్కిందా? జవాబు సూటిగా లేదు. గ్రామీణ భారతంలో జరిగే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం, అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన వారి వాటా 2018తో పోల్చితే 15 శాతం పాయింట్లకు పైగా తగ్గిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందరికన్నా ముందు తెరవడం ఒక్కటే పిల్లలను కాపాడలేదు. తెరిచిన తర్వాత పాఠం ఎక్కడ నుంచి మొదలుపెట్టారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బిడ్డకు అక్షరాలు రాకపోయినా తరగతి పుస్తకమే తెరిస్తే, బడి తెరిచినా అతనికి మూసినట్టే.

2024 అసర్ నివేదికలో ఊరట కనిపించింది. దేశంలోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన వారు 2022లో 16.3 శాతం కాగా, 2024లో 23.4 శాతానికి చేరారు. ఈ అంకెను చూపి నష్టం పూడిందని చెప్పడం తొందరపాటు. ఆ మూడో తరగతి పిల్లలు 2022లో బడిలో చేరినవారు. బడి లేని ఏడాది వారిది కాదు. 2020లో చేరిన పిల్లలు ఆ సర్వే నాటికి అయిదో తరగతిలో ఉన్నారు. ప్రభుత్వ బడుల్లో వారిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతం. 2018 స్థాయికి ఇది సమానమే. కానీ 2018లో అయిదో తరగతిలో ఉన్న పిల్లల ముందు ఆపివేసే పరీక్ష లేదు, వీరి ముందు ఉంది. పునాది అక్షరాస్యత కోసం 2021 జులైలో ఆరంభమైన నిపుణ్ భారత్ లక్ష్యం మూడో తరగతి వరకే. అది బడుల్లో నిలదొక్కుకొనే సరికి ఈ పిల్లలు ఆ గీత దాటిపోయారు.

ఈ లెక్క గ్రామాలది. శంకర్ నగర్ వంటి నగర ప్రాంతానికి అసర్ వర్తించదు. ఇక్కడ ఆ పని బడులు, తల్లిదండ్రులు కలిసి చేయవలసినదే. ఆరో తరగతిలో ఉన్న బిడ్డ చేత రెండో తరగతి హిందీ పాఠం ఒక పేజీ, తెలుగు ఇళ్ళలోనైతే తెలుగు పేజీ కూడా, బిగ్గరగా చదివించి వినడానికి పది నిమిషాలు చాలు. అది చూసి, తడబడే పిల్లలకు విడిగా గంట కేటాయించమని బడిని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ప్రభుత్వ బడిలోనైతే పాలక సమితి సమావేశం అందుకు తగిన వేదిక. ఈ పిల్లలు 2027–28లో ఎనిమిదో తరగతికి వస్తారు. ఆపివేసే పరీక్ష అక్కడ రెండోసారి ఉంటుంది.