పడిన కుర్రాడికి చప్పట్లు

ఐస్ మీద స్కేటింగ్ చేసే కుర్రాడు గాల్లోకి ఎగిరి, గిరగిరా తిరిగి, దిగేటప్పుడు కాలు జారి దబ్బున పడ్డాడనుకోండి. చూసేవాళ్ళేం చేయాలి? మన దగ్గరైతే సగంమంది "అయ్యో పాపం" అంటారు, మిగతా సగంమంది నవ్వుతారు. క్రికెట్లో క్యాచ్ వదిలేసినవాణ్ణి మన హాళ్ళల్లో సోఫాల్లో కూర్చుని ఎన్నెన్ని మాటలంటారో మీకందరికీ తెలుసు, నేను ఇక్కడ రాయక్కర్లేదు.

పురుషుల ఫిగర్ స్కేటింగ్ పోటీలు చూడటం అలవాటైన వాళ్ళు మాత్రం వేరే పని చేస్తారు. పడినవాడు లేచి మళ్ళీ సంగీతాన్ని అందుకునేలోపే హాలంతా తాళం వేసినట్టు చప్పట్లు మొదలవుతాయి. వాడు ఏ దేశం వాడో, తమ అభిమాన ఆటగాడికి ఎంత గట్టి పోటీయో అప్పుడు ఎవరూ చూసుకోరు. వాడు లేచి నిలదొక్కుకునేదాకా ఆ తాళం ఆగదు. నేను ఈ ఆటను చూడటం మొదలుపెట్టింది ఎగురుళ్ళ కోసమే, నిజమే. కానీ వదలకుండా చూస్తున్నది మాత్రం ఆ చప్పట్ల కోసం.

"మంచుగడ్డ మీది ఆటతో మనకేం పనమ్మా" అంటారేమో. లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద పేరుకున్న తెల్లటి పొరను చూడటానికి కార్లు కట్టుకుని పరుగెత్తేవాళ్ళం మనం. అంతకు మించిన మంచు మన కొండల్లో పడదు, ఐస్ రింకులూ లేవు. అయితే అదే ఆటకు చక్రాల మీద ఆడే చెల్లెలొకటి ఉంది. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్. విశాఖలో పార్కుల్లోని రింకుల మీద పొద్దున్నే పిల్లలు చేసేది చూసే ఉంటారు. ఎగురుళ్ళలో చాలావాటికి రెండు ఆటల్లోనూ అవే పేర్లు. 'ఆక్సెల్' అన్నది 1882లో ఆ ఎగురుడు చేసి చూపించిన నార్వే స్కేటరు ఆక్సెల్ పాల్సెన్ పేరు. మిగతావన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవి. ఇదొక్కటే ముందుకు చూస్తూ ఎగరాలి, వెనక్కి తిరిగి దిగాలి. అందుకే ప్రతి ఆక్సెల్‌లోనూ అర చుట్టు అదనం. నాలుగు చుట్ల ఆక్సెల్ అంటే నిజానికి నాలుగున్నర.

ఆ నాలుగున్నర చుట్ల కోసం కొన్నేళ్ళు తపించినవాడు జపాన్ కుర్రాడు యుజురు హన్యు. సెండాయ్ ఊరివాడు. 2011 మార్చిలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు పదహారేళ్ళవాడు, రింకు మీద సాధన చేస్తూ, స్కేట్లు విప్పుకునే వ్యవధి కూడా లేక వాటితోనే బయటికి పరుగెత్తాడు. 2014లో సోచిలో, 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. పురుషుల్లో అలా వరుసగా రెండుసార్లు గెలవడం 66 ఏళ్ళ తర్వాత అదే మొదలు. అతని ఆట అయిపోగానే స్టాండ్లలోంచి పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మలు, అదే విన్నీ ద పూ, వానలా పడేవి. చిన్న పిల్లలు బుట్టలు పట్టుకుని ఐస్ మీద ఏరుకొచ్చేవారు. ఆ బొమ్మల్ని ఊళ్ళోని పిల్లలకూ సేవాసంస్థలకూ ఇచ్చేయడం అతనికి అలవాటు.

బొమ్మలు విసిరేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కాలేజీ పిల్లలే కాదు, మన వయసు వాళ్ళూ, అమ్మమ్మలూ కూడా. వీళ్ళనే చూసి నవ్వుతారు జనం. "ఆటేం తెలుసు వీళ్ళకి, మొహం చూసి వస్తారు" అని. సినిమా హీరో కటౌటుకు పాలాభిషేకం చేసే మగపిల్లలది అభిమానం, ఆడది బొమ్మ విసిరితే పిచ్చీ! ఆ అమ్మమ్మల్లో కొందరికి ఏ ఎగురుడు లోపలి అంచు మీంచి ఎగిరేదో, ఏది బయటి అంచు మీంచి ఎగిరేదో జడ్జీలతో సమానంగా తెలుసు.

ఈ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. అసలు పురుషుల పోటీ, స్త్రీల పోటీ అని వేరు చేసిందే ఒక స్త్రీ వల్ల. 1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీకి మాడ్జ్ సైయర్స్ అనే ఇంగ్లీషావిడ పేరిచ్చింది. ఆడవాళ్ళు రాకూడదని రూల్సులో ఎక్కడా లేదు. రారులే అనుకున్నారు కాబోలు. ఆవిడ వచ్చి, ఉల్రిక్ సాల్కోవ్ తర్వాత రెండో స్థానంలో నిలిచి, మిగతా మగవాళ్ళందరినీ వెనక్కి నెట్టింది. మరుసటి ఏడాదే ఆడవాళ్ళు పాల్గొనరాదని రూలు వచ్చేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి, పొడుగు గౌను వల్ల పాదాలు కనబడవట! 1906లో స్త్రీలకు విడిగా పోటీ పెడితే గెలిచింది ఆవిడే, 1908 ఒలింపిక్స్‌లోనూ ఆవిడే.

అభిమానమంతా మంచిదేనని నేననను. 2014 నవంబరులో షాంఘైలో జరిగిన పోటీలో, ఆటకు ముందు వార్మప్‌లో హన్యు చైనా స్కేటరు హాన్ యాన్‌ను ఢీకొన్నాడు. ఇద్దరూ ఐస్ మీద పడిపోయారు. హన్యు గడ్డం మీంచి రక్తం. తలకు కట్టు కట్టుకుని వచ్చి ఆడాడు. ఐదుసార్లు పడ్డాడు. పడిన ప్రతిసారీ లేచాడు, ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. చివరికి రెండో స్థానం వచ్చింది. మార్కుల కోసం ఎదురుచూస్తూ అతను ఏడుస్తుంటే చూసేవాళ్ళూ ఏడ్చారు. కానీ అభిమానుల్లోనే చాలామంది అడిగారు, తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఐస్ మీదికి ఎలా వదిలారని. నాకు ఆ అడిగినవాళ్ళే నచ్చారు. ఏ తల్లయినా ముందు అదే అడుగుతుంది. చప్పట్లు లేవడానికి బలమిచ్చాయి, సరే. దెబ్బ తగిలినవాణ్ణి ఆగనివ్వకుండా చేసేవీ అవే చప్పట్లు.

ఆ షాంఘై పోటీ వీడియోనే మా పెద్దమ్మాయి ఫోన్లో దాచుకుంది. పోయిన చలికాలం అరకు వెళ్ళినప్పుడు, సిగ్నల్ లేక తోచక, రాత్రి భోజనాల దగ్గర దాన్ని పెట్టుకుని చూస్తోంది. మేం దిగిన చోట వంటింట్లో పనిచేసే ఆవిడ ప్లేట్లు తీస్తూ ఆగి చూసింది. కుర్రాడు రెండోసారి పడ్డాడు.

"ఒక్కడే ఆడతన్నాడేటమ్మా? పక్కన పట్టుకోడానికి ఎవులూ లేరేటి?" అంది.

ఆవిడ అలా ఎందుకడిగిందో నాకు వెంటనే తట్టింది. ఎందుకంటే ఓ గంట క్రితమే, పచ్చిక మీద మంట వేసి టూరిస్టుల కోసం ఆడిన థింసాలో ఆవిడా ఉంది. థింసా మీరు చూసే ఉంటారు. పదిహేను, ఇరవైమంది ఆడవాళ్ళు బారుగా నిలబడి, ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, అడుగు మీద అడుగు వేస్తూ వంకలు తిరిగే పాములా కదులుతారు. పక్కన మగవాళ్ళు తుడుమూ, డప్పూ, మోరీ, కిరిడీ వాయిస్తారు. చైత్రంలో ఇటుకల పండగకైతే ఊరు ఊరంతా ఆడుతుంది. చూసేవాళ్ళు వేరు, ఆడేవాళ్ళు వేరు అని ఉండదు. టూరిస్టులు వచ్చాకే ఆ ఆటకు ప్రేక్షకులు పుట్టుకొచ్చారు.

ఆ ప్రేక్షకులు ఎలాంటివాళ్ళో ఆ రాత్రి చూశాను. ఈలలు. "ఇంకా స్పీడుగా" అని కేకలు. ఇద్దరు మగవాళ్ళు వరసలోకి దూరి, పెనవేసుకున్న చేతులు విడదీసి మధ్యలో నిలబడి ఫోటో దిగారు. ఒకడు నోటు పైకెత్తి ఊపాడు. ఇంతలో వరస చివర ఒకావిడకు తడిగడ్డి మీద కాలు జారింది. కుర్చీల్లోంచి నవ్వులు! ఆవిడ మాత్రం కింద పడలేదు. అటూ ఇటూ ఉన్న చేతులు ఎత్తి పట్టుకున్నాయి, తర్వాతి అడుగుకల్లా అందరితో కలిసిపోయింది. తుడుము ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

ఐస్ మీద కుర్రాడికి ఆ చేతులు లేవు. అక్కడ స్టాండ్లలోని వాళ్ళ చప్పట్లే చేతులు. వంటింటావిడ అడిగిన ప్రశ్నకు మా అమ్మాయి సమాధానం వెతుక్కుంటుంటే నాకు తట్టింది ఇదే. "జనం చప్పట్లు కొడతారు కదండీ, అదే పట్టుకోవడం" అని అంటే ఆవిడ ఒక క్షణం విని, "అయితే బాగున్నాదే" అని ప్లేట్లు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక మన కుర్రాళ్ళ సంగతికి రండి. 2010 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. రోలర్ స్కేటింగును ఆ క్రీడల్లో చేర్చడం అదే మొదటిసారి. హైదరాబాద్ కుర్రాడు యామా అనూప్ కుమార్ పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం తెచ్చాడు, అవనీ పాంచాల్‌తో కలిసి జంటల పోటీలో మరో కాంస్యం తెచ్చాడు. ఐస్ మీద హన్యు చేసేలాంటి ఎగురుళ్ళూ, చుట్లూ చక్రాల మీద చేసి, రెండు పతకాలు! 2015లో అర్జున అవార్డు కూడా వచ్చింది. చెప్పండి, మీలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? అతని ఆట కోసం ఎవరు తెల్లవారుజామున లేచి కూర్చున్నారు, ఎవరు బొమ్మలు విసిరారు? చప్పట్ల మాట అటుంచి, పడితే నవ్వడానికైనా అక్కడ మనం లేం.

ఎందుకు లేమో నాకు కొంత తెలుసు. మాకు తెలిసినవాళ్ళ అబ్బాయి, పన్నెండేళ్ళవాడు, విశాఖలో రింకుకు వెళ్ళేవాడు. స్పీడ్ స్కేటింగ్ నేర్చుకుంటున్నంతకాలం ఇంట్లో అంతా మురిసిపోయారు. వాడు సంగీతానికి చేతులు చాచి తిరిగే ఆర్టిస్టిక్‌కు మారతానన్నాడు. అంతే. "ఆడపిల్లలా ఆ తిరుగుడేంట్రా" అన్నాడు తండ్రి. మేనత్త ఇంకో మాటంది, అది రాయను. వాడు స్కేట్లు అటక మీద పెట్టేశాడు.

ఇది మన తెలుగువాళ్ళకు ఎక్కణ్ణుంచి అబ్బిన జబ్బో అర్థం కాదు. సత్యభామ అంటే ఒకప్పుడు స్థానం నరసింహారావు గారే. నాటకం చూసొచ్చిన ఆడవాళ్ళు ఆయన చీరకట్టు చూసి నేర్చుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు జడ చేత్తో పట్టుకుని నడిచొస్తుంటే, ఆయన మగవాడంటే నమ్మనివాళ్ళు ఉండేవారట. ఇద్దరికీ పద్మశ్రీలిచ్చాం, నెత్తిన పెట్టుకున్నాం. అలాంటి జాతికి, పన్నెండేళ్ళవాడు చెయ్యి అందంగా చాస్తే పరువు పోతుందా! మగవాడు అందంగా కదిలితే చూసి ఆనందించే కన్ను మనకు ఉండేది. ఇప్పుడు అది స్టేజీ మీదికీ సినిమాలోకీ పరిమితమైపోయింది, ఇంట్లో కుర్రాడి దగ్గరికొచ్చేసరికి మూసుకుపోతోంది.

ఆ మూసుకుపోవడంలో మన ఆడవాళ్ళ పాలూ తక్కువేం కాదు. మేనత్త మాట చెప్పాను కదా. బొమ్మలు విసిరే జపాన్ అమ్మమ్మలకున్న ధైర్యంలో పావలా వంతు ఆవిడకుంటే, ఆ స్కేట్లు అటకెక్కేవి కావు.

హన్యు చివరికి ఆ నాలుగున్నర చుట్లూ సాధించాడా అని అడుగుతారు. 2022 ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్‌లో ప్రయత్నించాడు. చుట్టు పూర్తిగా తిరగలేదు, పడ్డాడు. నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. స్వర్ణం అమెరికా కుర్రాడు నాథన్ చెన్‌కు వెళ్ళింది. ఈ చెన్ కూడా 2018లో మొదటి రోజు ఘోరంగా తడబడి పదిహేడో స్థానానికి జారి, మర్నాడు అందరికంటే బాగా ఆడి ఐదో స్థానానికి ఎక్కొచ్చినవాడే. బీజింగ్‌లో కరోనా కారణంగా టిక్కెట్లు అమ్మలేదు, బయటి దేశాల అభిమానులు రాలేకపోయారు. హన్యు పడినప్పుడు లేపడానికి ఆ అలవాటైన చేతులు హాల్లో లేవు. ఎవరింట్లో వాళ్ళు టీవీల ముందు కూర్చుని చప్పట్లు కొట్టుకున్నారు. ఆ ఏడాది జూలైలో అతను పోటీల నుంచి తప్పుకున్నాడు. సెప్టెంబరులో ఇల్యా మాలినిన్ అనే పదిహేడేళ్ళ అమెరికా కుర్రాడు మొదటిసారి ఆ ఆక్సెల్‌ను పోటీలో నిలబెట్టాడు.

మన ఊళ్ళల్లో రోలర్ పోటీలు ఎలా జరుగుతాయో చూసేవాళ్ళకు తెలుసు. రింకు చుట్టూ వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులమే ఉంటాం, టిఫిన్ డబ్బాలతో, నీళ్ళ సీసాలతో. మన పిల్లాడి వంతు వచ్చినప్పుడు ఫోను పైకెత్తి పట్టుకుంటాం. వాడి వంతు అవగానే స్కేట్లు సంచిలో వేసుకుని ఎండ ముదరకముందే బయల్దేరతాం. పెద్ద కుర్రాళ్ళ ఆర్టిస్టిక్ ఎప్పుడూ చివర్లోనే పెడతారు. వాళ్ళు దిగేసరికి జడ్జీలూ, మైకువాడూ, కుర్చీలు సర్దే మనిషీ మిగులుతారు. ఈసారి మీ ఊళ్ళో పోటీ పెడితే ఆ ఆఖరి కుర్రాడి దాకా కూర్చోండి. ఒంటిగంట అవుతుంది, ఆ రోజుకి అన్నాలు కాస్త ఆలస్యమవుతాయి. పొద్దున్నే పులిహోర కలిపి పెట్టి వెళ్ళండి.