నడకకు ఒక ఎదురుచూపు కావాలి

తిరుపతిలో నడవడానికి చోటు లేదని ఎవరూ అనలేరు. యూనివర్సిటీ ఆవరణ ఉంది, అలిపిరి రోడ్డు ఉంది, పార్కులున్నాయి, చెరువు కట్టలున్నాయి, వీటన్నిటికీ పైన శేషాచలం కొండలున్నాయి. జనవరి ఒకటో తేదీన ఈ చోట్లన్నీ కొత్త బూట్లతో నిండిపోతాయి. శివరాత్రి వచ్చేసరికి ఆ మనుషుల్లో సగం మంది కనపడరు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరై, చంద్రగిరిలో ఉంటున్న నన్ను ఇరుగుపొరుగు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "మేడమ్, మొదలుపెడతా ఉండాం, నిలబెట్టుకోలేకపోతా ఉండాం. ఏం చేయమంటారు?"

నేనొకటే చెప్తాను. ఎన్ని అడుగులు వేశామో లెక్కపెట్టుకోవడానికి నడిస్తే మూడు నెలల్లో విసుగొస్తుంది. ఈ వారం బయట ఏం మారిందో చూడటానికి నడిస్తే ఏడాది పొడవునా కాళ్లు వాటంతటవే గడప దాటుతాయి.

ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు. ఈ సంగతి తెలియనివాళ్లు ఇప్పుడు ఊళ్లో లేరు. డాక్టరు చెప్తారు, టీవీ చెప్తుంది, చేతి గడియారం కూడా చెప్తుంది. లోపమల్లా రేపు మళ్లీ రావడానికి కారణం లేకపోవడమే. పార్కులో ఒకే బాట మీద గుండ్రంగా తిరిగే మనిషికి రేపటి నడకలో కొత్తగా దొరికేదేముంటుంది?

చంద్రగిరి కోట చుట్టుపక్కల మట్టి దారిలో మాత్రం రోజూ ఏదో ఒకటి దొరుకుతుంది. మన నేలకు ఉన్న కాలాలు పాఠ్యపుస్తకంలోని ఆరు రుతువుల లెక్కకు సరిగ్గా ఒదగవు. అవి తెలియాలంటే నడవాల్సిందే. మాఘం దాటుతుండగా మోదుగ ఆకులు రాల్చి ఎర్రగా పూస్తుంది. మామిడి పూత పిందె పట్టేలోగా కోకిల గొంతు విప్పుతుంది. కోకిల ఎక్కడి నుంచో వచ్చే పిట్ట అనుకుంటారు చాలామంది. అది ఏడాదంతా ఇక్కడే ఉంటుంది, చలికాలంలో నోరు మెదపదు, అంతే. కాకులు గూళ్లు కట్టుకునే వేళకు దాని కూత పెరుగుతుంది, ఎందుకంటే దాని గుడ్లకు వాటి గూళ్లు కావాలి. ఎండలు ముదిరాక రేల చెట్టు పసుపు గుత్తులతో నిండిపోతుంది. ఎర్రచందనం చెట్ల కింద, చుట్టూ రెక్క అంచున్న గుండ్రటి కాయల్ని ఒకసారి చేతిలో పెట్టుకుని చూసి అక్కడే వదిలేయండి. కొద్దిపాటి తమిళ ప్రాంతాన్ని కలుపుకొని ఈ దక్షిణపు తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఆ చెట్టు సహజంగా పెరగదు.

తొలకరి పడితే నేల మీద చూడాలి. ఎర్ర మఖమల్ గుడ్డ కత్తిరించి వేసినట్టు ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే మళ్లీ ఏడాది దాకా వాటిని చూడలేం. ఆ తర్వాత వ్యవసాయ బావుల మీద, ఈత చెట్లకు గిజిగాళ్లు గూళ్లు అల్లడం మొదలుపెడతాయి. మగ పిట్ట సగం అల్లి ఆపుతుంది. ఆడ పిట్ట వచ్చి చూసి, మెచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. మెచ్చకపోతే ఆ గూడు అక్కడే ఎండిపోతుంది. మేకలు తోలుకుపోయే పెద్దాయన ఒకాయన నన్ను చూసి, "మేడమా, గువ్వలు ఇంగా గూడు ముట్టుకోలేదు, వానకు ఇంగా టైముండాది" అన్నాడు. ఆయన ఏనాడూ వ్యాయామం కోసం నడిచినవాడు కాదు. కానీ ఆయన నడకా, ఆయన చూపూ ఎప్పుడూ విడిపోలేదు. మనం విడగొట్టుకున్నవి ఈ రెండూ.

రాష్ట్రంలో చాలా చోట్ల వానలు వెనకబట్టే వేళకు మనకు అసలు వానలు మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలు దిగితే కపిలతీర్థం మీద జలపాతం దూకుతుంది, వాగులు నిండుతాయి. వాగుల పక్కన రాతి పగుళ్లలో బంగారు రంగు బల్లి ఉంటుంది, ఓపిక ఉన్న కళ్లకే చిక్కుతుంది. హిమాలయాల నుంచి జిట్టంగి పిట్టలు దిగి, తోక ఊపుకుంటూ నీటి అంచున పరుగెడతాయి. జిల్లాకు ఆ చివర, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో నీళ్లల్లో నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. ఆ పక్కనే పులికాట్ సరస్సు, ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో అంత పెద్దది, రాజహంసలతో గులాబీ రంగుకు తిరుగుతుంది. సంక్రాంతి సెలవుల్లో ఊరొచ్చిన పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి కట్ట పొడవునా నడిపించండి. ఎంతసేపు నడిచామని వాళ్లు అడగరు.

ఇలా ఆగి ఆగి నడిస్తే ఒంటికి ఏం పడుతుందని కొందరు అడుగుతారు. డ్రిల్లు టీచరుగా దీనికి జవాబు చెప్పే బాధ్యత నాకుంది. పిట్ట కనిపించిన చోట నిలబడండి, ఆ తర్వాత మళ్లీ మాట్లాడగలిగేంత, పాడలేనంత ఆయాసం వచ్చే వేగంతో నడవండి. వేగం, విరామం, మళ్లీ వేగం. ఆటగాళ్లకు మేము ఇచ్చే శిక్షణలో ఉండేదీ ఇదే. ఎగుడుదిగుడు మట్టి దారిలో చీలమండ ప్రతి అడుగుకూ కొద్దిగా సర్దుకోవాలి. ఆ సర్దుబాటే ముసలితనంలో పడిపోకుండా కాపాడుతుంది. ఫోనుకు వంగిన మెడ కొమ్మల మీదికి లేస్తుంది. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు దాదాపు 2,400. ఎక్కేటప్పుడు గుండె, తొడలు పని చేస్తాయి, దిగేటప్పుడు భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కి, బస్సులో దిగితే మేలు.

కొండ దారి అనగానే చిరుత గుర్తొస్తుంది. గుర్తు రావాల్సిందే. 2023 జూన్‌లో అలిపిరి కాలినడక దారిలో చిన్న బాబును చిరుత నోట కరుచుకుపోయింది, ఆ బాబు గాయాలతో బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. ఆ తల్లిదండ్రుల దుఃఖానికి ఏ మాటా సరిపోదు. ఆ తర్వాత టీటీడీ మధ్యాహ్నం దాటాక పిల్లల్ని ఆ దారిలో అనుమతించకుండా ఆంక్షలు పెట్టింది, భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. ఆ నియమాల్ని తప్పించుకునే దారులు వెతకడం తగదు. మనం పారేసిన తిండికి కుక్కలు, పందులు వస్తాయి. వాటి కోసం చిరుత వస్తుంది. కాబట్టి కోతికి అరటిపండు విసిరే చెయ్యి చిరుతకు కూడా దారి చూపిస్తోంది. అడవి అంచున నడిచేవాళ్లు పూర్తిగా తెల్లారాక బయల్దేరాలి, మసక పడకముందే తిరిగి రావాలి, పిల్లల్ని ముందుకో వెనక్కో వదలకూడదు, బాట దిగి అడవిలోకి పోకూడదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు ఊళ్లలో ఏనుగులు పొలాల్లో ఉన్నాయన్న కబురు వస్తే ఆ రోజు నడక మానేయాలి. జంతువుల వేళలు తెలుసుకుని మసలడం కూడా ప్రకృతిని చూడటంలో భాగమే. భయం చాలామందిని ఇంట్లో కూర్చోబెడుతుంది. తెలిసిన మనిషి ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించుకోగలుగుతాడు.

ఇప్పుడు అధికారులకు ఒక మాట. చెరువును అభివృద్ధి చేస్తామన్నప్పుడల్లా నాకు గుబులు పుడుతుంది. చుట్టూ సిమెంటు గోడ, టైల్సు బాట, హైమాస్టు లైట్లు, మైకుల్లో పాటలు. తుంగ పీకేస్తారు, తుమ్మలు కొట్టేస్తారు. కొంగ దిగడానికి బురద అంచు మిగలదు. ప్రారంభోత్సవం నాడు జనం వస్తారు, నాలుగు నెలలకు బాట ఖాళీ అవుతుంది, ఎందుకంటే అక్కడ చూడటానికి నడిచే జనం తప్ప ఏమీ ఉండదు. నేను అడిగేది తక్కువ ఖర్చుతో అయ్యే పని. కట్టకు ఒక వైపు మట్టి బాట వేయండి, అది మోకాళ్లకూ మంచిది. రెండో వైపు పొదల్ని, బురదను ముట్టుకోకండి. చీకటి పడ్డాక లైట్లు తగ్గించండి, మైకులు అసలే వద్దు. నేలపట్టులో పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువవుతుందని రైతులకు తెలుసు. అందుకే ఆ పిట్టల జోలికి ఎవర్నీ పోనివ్వరు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో బీడు గుట్టల మీద ఏళ్ల తరబడి మొక్కలు పెంచి, 1991లో ఆ లోయను పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించుకున్నారు. ఎండిన సీమలో కూడా ఈ పని సాధ్యమేనని రిషివ్యాలీ రుజువు చేసింది.

రెండో మాట బడులకు. వ్యాయామ పీరియడ్‌ను లెక్కల సిలబస్ కోసం లాగేసుకోవడం మన హైస్కూళ్లలో పాత అలవాటు. వారానికి ఒక్క పీరియడ్‌ను జీవశాస్త్రం టీచరు, డ్రిల్లు టీచరు కలిసి బడి బయట జరపాలి. పిల్లలు తాము ఎంచుకున్న ఒక చెట్టును, ఒక కుంటను ప్రతి వారం చూసి నోటుపుస్తకంలో రాయాలి. తొలి కోకిల కూత ఏ తేదీన విన్నారు, వేప పూత ఎప్పుడు వచ్చింది, గిజిగాడు గూడు ఎప్పుడు మొదలుపెట్టింది. దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడి పిల్లలు చెట్లను వారం వారం చూస్తూ ఇలాంటి లెక్కలే నమోదు చేస్తున్నారు. పదేళ్ల పాటు రాసిన అలాంటి నోటుపుస్తకం ఒక్కటి ఉన్నా, మన వానలు ఎటు జరుగుతున్నాయో ఈ ఊరి పిల్లలే చెప్పగలరు. పరుగు పందెంలో ఎప్పుడూ చివరన వచ్చే పిల్ల, పక్షిని అందరికంటే ముందు గుర్తుపట్టడం నేను చూశాను. ఆ పిల్లకు ఆ రోజు నుంచి బయటికి రావడం ఇష్టమైంది. ఆటల్లో గెలిచేవాళ్లు ఎలాగూ పరుగెడతారు. మిగతా అందరినీ జీవితాంతం కదిలించగలిగేది ఈ ఇష్టమే.

నగరపాలక సంస్థ ఈ ఏడాది ఒక్క చెరువుతో మొదలుపెట్టాలి. ప్రతి హెడ్మాస్టరు ఒక్క పీరియడ్ ఇవ్వాలి. ఊరికి ఆసుపత్రి ఎంత అవసరమో, నడిచే దారి పక్కన బతికే పిట్టా పొదా కూడా అంతే అవసరమని మన బడ్జెట్లు గుర్తించాలి. అవి అక్కడ ఉన్నంతకాలం జనం నడుస్తూనే ఉంటారు.