నీటిచుక్క చెప్పే సాక్ష్యం

విజ్ఞానం ఎంత గొప్పదైనను సామాన్యుని గడప తొక్కనినాడు అది అడవిగాచిన వెన్నెలయే. లేజరుతో తయారగు గ్రాఫీను ఎలక్ట్రోడ్ల విషయంలో ఈ మాటను మరువరాదు. వాని విలువను తేల్చవలసినది ప్రయోగశాలలోని శుద్ధజలం కాదు, మన కాలువలలోని బురదనీరు అని నా నిశ్చితాభిప్రాయం.

గ్రాఫీను అనగా ఒక్క పరమాణువు మందం గల కర్బనపు పొర. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయమున గైమ్, నొవొసెలోవ్ అను శాస్త్రజ్ఞులు జిగురు టేపుతో గ్రాఫైటు నుండి దీనిని వేరుచేసి, 2010లో నోబెల్ బహుమానం పొందిరి. 2014లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున జేమ్స్ టూర్ బృందం మరింత సులభమైన మార్గం చూపినది. పాలీఇమైడ్ అను ప్లాస్టిక్ పొరపై కార్బన్ డయాక్సైడ్ లేజరు కిరణం ప్రసరింపజేయగా, ఆ తీవ్రమైన వేడికి ఆక్సిజన్, నైట్రోజన్ వాయువులై వెడలిపోయి, మిగిలిన కర్బనం స్పంజివంటి గ్రాఫీనుగా రూపొందినది. చెక్కపైనా ప్లాస్టిక్‌పైనా పేర్లు చెక్కే దుకాణాలలో కనిపించు యంత్రం కూడా ఈ జాతిదే. 2018లో అదే బృందం కొబ్బరిచిప్పపైనా, రొట్టెపైనా గ్రాఫీను గీతలు గీసి చూపినది.

ఇట్టి ఎలక్ట్రోడ్లను సన్నని కాలువలు గల చిన్న పలకలో అమర్చిన, కొద్ది చుక్కల నీటితోనే పరీక్ష జరుగును. నీటిలోని సీసం మొదట ఎలక్ట్రోడుపై పేరుకొనునట్లు చేసి, పిదప వోల్టేజిని క్రమంగా మార్చిన, అది మరల నీటిలో కరగుచు విద్యుత్తును పుట్టించును. ఏ వోల్టేజి వద్ద పుట్టినదో చూచి లోహమేదో, ఎంత పుట్టినదో చూచి దాని పరిమాణమెంతో గ్రహింపవచ్చును. హైదరాబాదులోని బిట్స్ పిలానీ ప్రాంగణంలో సైతం ఇట్టి పరికరాలపై పరిశోధన సాగుచున్నది.

దీని అవసరమేమో 2020 డిసెంబరులో ఏలూరు చెప్పినది. వందలాది ప్రజలు మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. రక్త నమూనాలు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చేరిన పిదపగాని వానిలో సీసం, నికెల్ ఉన్నవని తెలియలేదు. తరువాత పురుగుమందుల అవశేషాలపైనా అనుమానం కలిగినది. ఒక్క చిన్న పలక ఆ చిక్కుముడినంతను విప్పగలిగెడిదని నేననను. కాని నీటిలో సీసమున్నదా లేదా అను తొలి ప్రశ్నకు జవాబు ఊరిలోనే దొరకుట అల్పవిషయమా?

అయితే ఇక్కడనే జాగ్రత్త వలయును. తెలిసిన మోతాదులో సీసం కలిపిన శుద్ధ ద్రావణంలో పరికరం చక్కగా పనిచేయుట ఒక ఎత్తు, నిజమైన నీటిలో పనిచేయుట మరొక ఎత్తు. రాగి ఉన్న నీటిలో సీసపు లెక్క తప్పవచ్చును. బురద, సేంద్రియ పదార్థాలు ఎలక్ట్రోడును కప్పివేయవచ్చును. లేజరు శక్తి, వేగం ఏ కొంచెం మారినను ఒక ఎలక్ట్రోడుకు మరొక ఎలక్ట్రోడుకు పోలిక కుదరదు. త్రాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదని మన ప్రమాణం. అంత సూక్ష్మమైన కొలతలో పొరపాటు జరిగిన, విషజలం మంచినీరను యోగ్యతాపత్రం పొందును. తప్పు తూచు త్రాసు కన్న త్రాసు లేకపోవుటయే మేలు. లేనప్పుడు కనీసం అనుమానమైనా మిగులును.

కావున చౌక అను ఒక్క గుణమును చూచి మురియక, ప్రతి కొత్త పరికరమును ఊరి నీటితో, పెద్ద ప్రయోగశాల ఫలితాలతో సరిపోల్చి చూడవలెను. ఈ పనికి మన కళాశాలల రసాయనశాస్త్ర శాఖలు ముందుకు రావలెను. ఏడాది పొడవునా ఒకే బావి నీటిని ఓపికతో పరీక్షించి, వచ్చిన అంకెలను దాచక వ్రాసిపెట్టు విద్యార్థి చేయు సేవ, కొత్త పరికరమును కనిపెట్టిన శాస్త్రజ్ఞుని సేవకు తీసిపోదు. విద్యార్థులారా! కనుగొనుట కొందరికే సాధ్యం కావచ్చును. నిగ్గు తేల్చుట మీకందరకును సాధ్యమే.