ఆ బండి వేరు, ఈ బండి వేరు

సంపాదకులకు,

కెనడాలో అంబులెన్సు ఆలస్యాలపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. రచయిత ఆవేదన నిజమే కానీ, రెండు రకాల బండ్లను ఒకే గాటన కట్టేశారు.

మిస్సిసాగాలో 911కి ఫోన్ చేస్తే వచ్చేది పీల్ రీజియన్ పారామెడిక్కుల బండి. మన 108 లాంటిదే. వెంటిలేటరు మీదున్న మనిషిని ఒక ఐసీయూ నుంచి మరో ఐసీయూకి చేర్చే పని మరో సంస్థ అయిన ఆర్న్‌జ్‌ది (రాత ఎలా ఉన్నా పలకడం ఆరెంజ్ అనే). దాని ప్రధాన కార్యాలయం మిస్సిసాగాలోనే ఉంది. 1977లో ఒక్క హెలికాప్టరుతో మొదలైన ఒంటారియో సేవకు 2006లో ఈ పేరొచ్చింది. ఇప్పుడు విమానాలూ, రోడ్డు మీద తిరిగే క్రిటికల్ కేర్ బండ్లూ ఉన్నాయి.

మా మావగారిని గుండెపోటు తర్వాత ఇలాగే తరలించారు. బండి వచ్చాక కూడా గంటసేపు కదల్లేదు. వరండాలో నేను పళ్లు నూరుకుంటున్నాను. లోపల వాళ్లు మందులన్నీ తమ పంపుల్లోకి మార్చి, ఆయన్ని తమ వెంటిలేటరుకు తగిలించి, ఊపిరి నిలకడగా అందుతోందని చూసుకుని, గొట్టాలు బిగించారు. 403 హైవే మీద గొట్టం ఊడితే సరిచేయడం ఎంత కష్టమో తర్వాత అర్థమైంది. ఆ గంట ఆలస్యం కాదు, వైద్యమే.

అయితే ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. అత్తగారు ఆ గంటంతా ఏడుస్తూనే ఉన్నారు. రచయిత కోపంలో ఈ భాగం నాదీ.

ఇంకొకటి. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకు ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉండదు. బీమా కొనేటప్పుడు ఆసుపత్రుల మధ్య తరలింపు ఖర్చు అందులో ఉందో లేదో అడగండి.

– ఒక పాఠకురాలు, మిస్సిసాగా