తప్పంతా మా సంచీలదేనా?

కార్తీక పున్నమికి కొత్తపట్నం సముద్రస్నానానికి వెళ్తే, ఇసుకలో గవ్వలకన్నా ముందు కాలికి తగిలేవి ప్లాస్టిక్ కవర్లు. "మీ ఆడవాళ్ళు గుడ్డసంచీ పట్టుకెళితే ఈ గొడవే ఉండదు" అంటారు పెద్దమనుషులు. ఆహా! ఆ కవర్లు తయారుచేసి అమ్మిందీ మేమేనా?

నేను చదివింది బి.ఏ.నే. అయినా వంటింటి మనిషికి అర్థంకాని సంగతి కాదిది. 1926లోనే ఫ్రాన్సులో లెమ్వాన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక బాక్టీరియా ఒంట్లో ప్లాస్టిక్‌లాంటి పదార్థం కనిపెట్టాడు. తిండి పుష్కలంగా ఉండి నత్రజని కరువైతే, మనం జాడీలో ఆవకాయ పెట్టుకున్నట్టు, అది ఆ పదార్థాన్ని ఒంట్లోనే దాచుకుంటుందిట. మట్టిలో పడేస్తే దాన్ని సాటి సూక్ష్మజీవులే తినేస్తాయి. ఎక్కడో ఫ్రాన్సు మాటెందుకు, హైదరాబాదు ఐ.ఐ.సి.టి.లో వెంకటమోహన్ గారి బృందం 2012 నాటికే పారేసిన అన్నం కూరలతో బాక్టీరియాచేత దీన్ని చేయించింది.

"ఖరీదెక్కువమ్మా" అంటారు. మరి పెట్రోలియం కవరు చవకెందుకయ్యా? దాన్ని తీరమంతా వంగి ఏరే మనిషి కూలి దాని ధరలో కలపలేదు గనక! ఆ కూలి కవర్ల కంపెనీ దగ్గర వసూలు చెయ్యండి, అప్పుడు లెక్కలు చూద్దాం.

తడిచెత్త వేరుచేసి ఇమ్మన్నారు, ఇస్తున్నాం. ఆ చెత్తతో బాక్టీరియాని మేపే కర్మాగారం ఒక్కటి ఒంగోలులో పెట్టించండి. మా సంచీల సంగతి ఆనక మాట్లాడుదురుగాని.