ఇంట్లో చేసిన సోలార్ ప్యానెల్‌ని మెయిన్ బోర్డుకి కలపొద్దు

తితలీ తుపాను వెళ్లిపోయాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను, గంటకు 140-150 కిలోమీటర్ల గాలితో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలనూ నేలకూల్చింది. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ తుపాను విజయనగరం జిల్లాను చీకట్లోకి నెట్టింది. కాబట్టి కవిటిలోనో పూసపాటిరేగలోనో ఓ కుర్రాడు విడి సోలార్ సెల్స్ తెప్పించుకుని, టంకం వేసి, సొంత ప్యానెల్ చేసుకుంటానంటే ఎందుకో తెలుస్తూనే ఉంది. థర్మల్ కేంద్రం వద్దని 2010లో సోంపేటలో పోలీసు తూటాలకు ఎదురు నిలిచిన గడ్డ ఇది. ఎండ నుంచి కరెంటు కావాలన్న కోరికను తప్పుపట్టం. కానీ అక్టోబరు గాలులు మొదలవకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇంట్లో చేసిన ప్యానెళ్లను ఇంటి వైరింగ్‌కి కలపకండి. ఇప్పటికే కలిపి ఉంటే, పొద్దు గూకాక తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇవాళే విప్పించండి.

ఒక్క సెల్ ఇచ్చేది అర వోల్టు. 36 సెల్స్ వరసగా అతికిస్తే 12 వోల్టుల బ్యాటరీ ఛార్జి అవుతుంది. ఒక ఎల్ఈడీ బల్బు, ఒక ఫోను. మధ్యలో ఫ్యూజు పెట్టి, పెరట్లో నేలమీద ఉంచి, పిల్లలు నేర్చుకుంటే మంచిదే; బళ్లలో సైన్సు ప్రదర్శనలకు ఇంతకన్నా చక్కని వస్తువు లేదు. చిక్కంతా ఆశతో మొదలవుతుంది. ఫ్యాను తిరగాలి, మోటారు తిరగాలి అనుకుని అలాంటివి పది వరసగా కలిపితే 180 వోల్టులు అవుతుంది. అదీ డీసీ. ఇళ్లలో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కనుక స్విచ్ దగ్గర పుట్టిన నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు. వదులైన జాయింటు దగ్గర మంట పట్టిందంటే తీగ తెగేదాకా మండుతూనే ఉంటుంది. బజార్లో దొరికే మామూలు ఇంటి స్విచ్ దాన్ని ఆపలేదు. పైగా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌కి ఆఫ్ అనేదే లేదు.

ఉద్దానంలో ఇంకో సంగతి. ఇక్కడ చాలా డాబాలు కొబ్బరిచెట్ల నీడలోనే ఉంటాయి. ఒక్క మట్ట నీడ రెండు సెల్స్ మీద పడితే, మిగతా సెల్స్ కరెంటు వాటిగుండా బలవంతంగా పోతుంది. అవి కరెంటు పుట్టించడం మాని సలసల కాగుతాయి. ఫ్యాక్టరీ ప్యానెల్‌లో దీన్ని పక్కదారి పట్టించడానికి బైపాస్ డయోడ్లు, వేడిని తట్టుకోవడానికి టెంపర్డ్ గాజు ఉంటాయి. ఇంట్లో చేసినదాని వెనక ఉండేది ప్లైవుడ్, దానిమీద ఎండిన కొబ్బరాకు. సముద్రపు ఉప్పుగాలి సంగతి సరేసరి: సిలికోన్ పూసి మూసిన పెట్టెలోకి చెమ్మ దూరి, టంకం వేసిన చోట చిలుము పట్టి, అక్కడే వేడెక్కుతుంది.

ఇంతవరకూ నష్టం మీ ఇంటిదే. అసలు భయం స్తంభం ఎక్కిన మనిషి గురించి. తుపాను మర్నాడు కరెంటు పోయింది కదా అని, ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ తీగను గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగిస్తారు కొందరు. మెయిన్ ఆపకపోతే ఆ కరెంటు సర్వీసు తీగ మీదుగా వెనక్కి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాకా చేరితే, 11,000 వోల్టులను 230గా దించే ఆ పెట్టే తిరగబడి 230ని 11,000 వైపు ఎక్కిస్తుంది. ‘నాది చిన్న ఇన్వర్టరే, అంత బలమెక్కడిది’ అనొద్దు. తీగలు తెగిపడి ఊరి లోడు లేనప్పుడు దానికి అడ్డేముంది? ట్రాన్స్‌ఫార్మర్ దాకా చేరకపోయినా, తడి స్తంభం మీద మనిషిని తీయడానికి 230 వోల్టులే చాలు. అనుమతితో పెట్టిన గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. చవకరకం పెట్టెలకు ఆ తెలివి లేదు.

ఖర్చు ఎక్కువనే మాటకూ జవాబుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు ఆపైన 78,000 రూపాయల రాయితీ ఉంది. నమోదైన వెండరు దేశంలో తయారైన, ఆమోదం ఉన్న ప్యానెళ్లు పెడితేనే ఆ డబ్బు. ఇంట్లో అతికించినదానికి రాయితీ రాదు, నెట్ మీటరూ రాదు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో అడగండి.

మేడ మీద బైండింగ్ వైరుతో కట్టిన పలకలుంటే తుపాను హెచ్చరిక రాగానే కాదు, ఇప్పుడే దించండి. ఆ గాలికి అవి పక్కింటి సిమెంటు రేకుల్లోకి దూసుకెళ్తాయి. గాలికి పగిలిన ప్యానెల్ ఎండలో ఇంకా కరెంటు ఇస్తూనే ఉంటుంది, తడి చేత్తో తాకొద్దు. దానికి నిప్పంటుకుంటే బకెట్‌తో నీళ్లు కొట్టకుండా బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి. తెగిన తీగ కనిపిస్తే 1912. లైన్‌మన్ వచ్చి చెప్పేదాకా మెయిన్ ఆపే ఉంచండి.