ఒంటిపక్షికి తోడు

మిరపకాయలోని కారము మనుష్యుని నాలుకను మండించును గాని పక్షి నాలుకను మండింపజాలదు. గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో మిరప పండు కాలమున ఈ వింత కన్నులార చూడవచ్చును. తెలతెలవారుచుండగా రామచిలుకలు కీచుకీచుమనుచు గుంపులుగా వచ్చి వ్రాలును. పండుకాయను కాలితో పట్టుకొని, ముక్కుతో చీల్చి, గింజలను తీరికగా తినును. కావలివాడు వడిసెల త్రిప్పినచో గుంపంతయు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా మలుపు తిరిగి, దూరపు తాడితోపువైపు సాగిపోవును. రైతునకు అది నష్టమే. అయినను ఆ ఎగురు తీరును చూచి ముచ్చటపడని రైతు అరుదు.

ఆ చేని ప్రక్కనున్న ఊరిలోనే ఏదో యొక యింటి వసారాలో పంజరము వ్రేలాడుచుండును. అందులో ఒకే యొక పక్షి. ఉదయము పిల్లలు గింజలు పోసి, నీరు మార్చి, నాలుగు మాటలు పలికించి బడికి పోవుదురు. సాయంకాలము వారు తిరిగివచ్చుసరికి ఆ పక్షి తన యీకలను తానే పెరికికొనుచునో, ఒకే కొయ్యపై అటునిటు తిరుగుచునో యుండును. అప్పుడు ఇంట ప్రశ్న పుట్టును: "దీనికి తోడుగా మరియొక పక్షిని తేవలెనా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు పంజరములోనున్నది ఏ పక్షియో తేల్చుకొనవలెను.

అది రామచిలుక యైనచో తోడు మాటయే రాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు నేరము. చిలుకజోస్యము చెప్పువాని పెట్టెలోని పక్షికిని ఈ చట్టమే వర్తించును. చెట్టు తొర్రలోని పిల్లలను రెక్కలు రాకముందే అపహరించి సంతలకు చేర్చుదురు. దారిలోనే ప్రాణములు విడుచునవియు కలవు. కాబట్టి ఒక చిలుకకు తోడుగా మరియొకదానిని కొనుట యనగా రెండవ గూటిని కూడ దోపించుటయే. భద్రాచల రామదాసు గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గుటకు, పూర్వజన్మమున ఆయన ఒక చిలుకను పంజరమున బంధించుటయే కారణమని తెలుగువారిలో ఒక కథ కలదు. అది చరిత్ర కాదు. అయినను పంజరపు చిలుకను చూచి మన పెద్దల మనస్సు ఏనాడో నొచ్చుకొన్నదనుటకు ఆ కథ సాక్ష్యము.

అట్లని, పదేండ్లు పంజరములో నున్న చిలుకను ఒకనాడు తలుపు తీసి ఎగురవేయుట దయ యనిపించుకొనదు. దాని రెక్కలు ఎగురుట మరచినవి. పిల్లిని చూచి బెదరుట దానికి ఎవరును నేర్పలేదు. పెరటిగోడ దాటకముందే అది పిల్లికో కాకులకో చిక్కును. అటవీశాఖవారికి అప్పగించుట తగిన పని.

ఇక అంగళ్లలో "లవ్ బర్డ్స్" అను పేర అమ్ముచున్న ఆకుపచ్చని, నీలి, పసుపుపచ్చని చిన్నపక్షుల సంగతి వేరు. నిజమునకు వానిలో పెక్కు బడ్జెరిగారులు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన మరియొక జాతి. బడ్జెరిగారుల పుట్టినిల్లు ఆస్ట్రేలియా ఖండపు లోపలి మెట్టప్రదేశము. వాన పడిన చోటును, గడ్డిగింజలు దొరకు చోటును వెదకికొనుచు అవి వేల సంఖ్యలో కలిసి తిరుగును. 1840లో జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వానిని సజీవముగా ఇంగ్లండునకు తెచ్చెను. అటుపిమ్మట పంజరములలోనే గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయుచు అవి లోకమంతట వ్యాపించినవి. ఇన్ని తరములు పంజరములో గడచినను గుంపును కోరు స్వభావము వానిని విడువలేదు.

ఇందుకు దృష్టాంతము వాని తలయందే కలదు. పక్షి తన ముక్కుతో రెక్కలను, రొమ్మును, తోకను దువ్వుకొనగలదు. తలను మాత్రము దువ్వుకొనజాలదు. క్రొత్త ఈక మొలచునపుడు సన్నని పొర యొకటి దానిని గొట్టమువలె చుట్టుకొని యుండును. తలపైని ఈకల పొరను ఒలిచివేయుట జతపక్షి పని. ఒకటి తల వంచి కన్నులు మూసికొనగా రెండవది మెడవెనుక ఈకలను ఒక్కొక్కటిగా సవరించును. ఒంటిపక్షి ఆ పనికి కాలిగోటితో గీకికొనును, కొయ్యకు రుద్దుకొనును. కొందరు దాని యెదుట చిన్న అద్దము కట్టి, తోడు దొరికినదని తృప్తిపడుదురు. అది ఆ నీడతో మాటలాడును. తిన్న గింజలను పైకి తెచ్చి అద్దమునకు తినిపింపజూచును. ఇంటివారు నవ్వుకొందురు. నోరు తెరువని చెలికానికి దినమంతయు అన్నము పెట్టజూచుట నవ్వదగినది యెట్లగునో వారే చెప్పవలెను.

శాస్త్రజ్ఞులును ఈ విషయమును పరిశీలించిరి. జీవకణములలోని క్రోమోసోముల కొనలు వయస్సు ముదిరినకొలది పొట్టివగుచుండును. ఆస్ట్రియా దేశమున వియన్నా నగరపు పరిశోధకులు ఆఫ్రికా బూడిదరంగు చిలుకల రక్తమును పరీక్షించి, ఒంటరిగా పెరిగిన వానిలో ఆ కొనలు జంటగా పెరిగిన వానికంటె పొట్టిగా నున్నవని 2014లో ప్రకటించిరి. స్విట్జర్లాండు ప్రభుత్వము 2008లో జంతువుల పెంపకమును గూర్చి నిబంధనలు చేయుచు, గుంపుగా బ్రతుకు ప్రాణులకు స్వజాతి తోడు ఉండవలెనని శాసించెను. చిలుకజాతి పక్షులును ఆ లెక్కలోనివే.

"రెండు పక్షులున్నచో అవి మాటలు నేర్వవు, మన చేతిపై వ్రాలవు" అని పిల్లలు తరచుగా వాదింతురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని ఒంటిపక్షి మన మాటలు నేర్చుటకు కారణమేమి? దాని భాషలో బదులు పలుకువారు లేకపోవుటయే గదా! పక్షి దినమునకు పండ్రెండు గంటలు మేలుకొని యుండుననుకొందము. బాలుడు బడిలో ఏడెనిమిది గంటలు గడపును. ఆటకు, పాఠములకు, భోజనమునకు మరి రెండు మూడు గంటలు పట్టును. మిరపకోతల నాళ్లలోను, ప్రత్తి తీయు నాళ్లలోను పెద్దలు ప్రొద్దు పొడువక ముందే చేనికి పోయి దీపాలవేళకు గాని తిరిగిరారు. ఇక ఆ పక్షికి మిగిలిన దెంత? మంచముపట్టున కూర్చుండి దినమంతయు దానితో కబుర్లాడు అవ్వయో తాతయో ఉన్న యింట మాత్రము రెండవ పక్షికై తొందరపడనక్కరలేదు. అచ్చట దానికి తోడున్నది. అట్టి యిండ్లు తక్కువ.

తోడు అవసరమని తేలిన తరువాత కూడ నేరుగా అంగడికి పరుగెత్తరాదు. ఈకలు పెరికికొను పక్షికి ఒంటరితనమే కాదు, పురుగో, చర్మవ్యాధియో ఉండవచ్చును. ముందు పశువైద్యునికి చూపవలెను. రోగముతో నున్న పక్షి ప్రక్కన మరియొకదానిని ఉంచినచో రెండును జబ్బుపడును. క్రొత్తపక్షిని ముప్పది దినములు వేరుగదిలో, వేరు పంజరములో నుంచి, దాని రెట్టను, మేతను, ఊపిరిని గమనింపవలెను. చిలుకజాతి పక్షులనుండి మనుష్యులకును సోకు జ్వరమొకటి కలదు గనుక ఈ జాగ్రత్త ఇంటివారికి కూడ మేలు. పంజరము రెండు పక్షులు రెక్క విప్పి ఎగురునంత వెడల్పుగా నుండవలెను. ఎత్తు ఎంతయున్నను వెడల్పు లేనిది పనికిరాదు. తోడు స్వజాతిదే కావలెను. బడ్జెరిగారులలో ముక్కు మొదట ఉబ్బియుండు భాగము సాధారణముగా మగదానికి నీలముగాను, ఆడుదానికి గోధుమరంగుగాను ఉండును. రెండు మగపక్షులు చాలవరకు సఖ్యముగా మెలగును. రెండు ఆడుపక్షులు జగడమాడుట కద్దు. ఆడు మగ పక్షులను కలిపి, అంగడివాడిచ్చు మట్టికుండను కూడ కట్టినచో ఏడాది తిరుగకముందే రెండు పక్షులు పది కావచ్చును. ఆ పదింటికి చోటు చూపగలవారే కుండ కట్టవలెను.

మరియొక చిక్కు కలదు. జంటలో ఒకటి చనిపోవును. మిగిలినది మరల ఒంటరి యగును. మరల అదే ప్రశ్న పుట్టును. పక్షిని పెంచదలచినవారు మొదటి పక్షిని కొనకముందే దీనిని ఆలోచించుట మంచిది. ఇద్దరికి చోటు లేని యింట ఒక్కదానిని తెచ్చుట తగదు. పక్షులను చూడవలెనను కోరికయే ఉన్నచో గుంటూరునకు చేరువనున్న ఉప్పలపాడు చెరువునకు పోవచ్చును. అచ్చటి చెట్లపై గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును గూళ్లు కట్టుకొని, పిల్లలకు మేత పెట్టుచుండును. అంతదూరము పోలేనివారు వసారా దూలమునకు వరికంకుల కుచ్చు కట్టుట మన యిండ్లలో పాత అలవాటే. పిచ్చుకలు జంటలుగా వచ్చి, గింజలు ఒలుచుకొని, కాసేపు కలహించి, ఎగిరిపోవును.